నా స్క్రిప్టుతో కో-డైరెక్టర్ సినిమా మొదలుపెడుతున్నాడు, ముందు నోటీసా, స్టేనా?

నాతోపాటు పనిచేసిన కో-డైరెక్టర్‌కి గత ఆగస్టు 17 రాత్రి నా బౌండ్ స్క్రిప్ట్ వాట్సాప్‌లో పంపాను. 94 పేజీలు, డైలాగులతో సహా. "నిర్మాతకి వినిపిస్తా, డైరెక్షన్ నీదే" అన్నాడు. పోయిన నెల అదే కథకి దర్శకుడిగా కృష్ణానగర్‌లో ఆఫీసు తెరిచాడు. ఆర్టిస్టులకి చెబుతున్న కథ ఒక ఫ్రెండ్ విన్నాడు. ఇంటర్వెల్, కోర్టు సీను, తండ్రి డైలాగులు అన్నీ నావే. ఊరి పేరు మాత్రం మార్చాడు, అదొక్కటే అతని క్రియేటివిటీ!

ఫోన్ ఎత్తడు. నిర్మాతని కలవడానికి రెండుసార్లు వెళ్తే మేనేజర్ గుమ్మం దాటనివ్వలేదు. రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేయించలేదు, అది నా పొరపాటే. ఇంకో 3 వారాల్లో షూటింగ్ అట, టెన్షన్‌గా ఉంది.

ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదని 1978లో సుప్రీంకోర్టు చెప్పిందనీ, రాసిన స్క్రిప్టుకి మాత్రం రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుందనీ తెలుసు. నా దగ్గర వాట్సాప్ చాట్, తేదీలతో సహా ఈమెయిల్‌లో 11 డ్రాఫ్టులు ఉన్నాయి. డబ్బు కాదు, టైటిల్స్‌లో నా పేరు కావాలి.

ఈ ఆధారాలతో ముందు నిర్మాతకి లాయర్ నోటీసు పంపాలా, నేరుగా కోర్టుకెళ్లి స్టే అడగాలా?