రూటు ఖరారు కాకముందే ఊరికి చెప్పాలా, వద్దా? గుణుపురం, రాయగడ వైపు వాళ్లు మాట్లాడండి

వంశధార_ఒడ్డు:
మాది గుణుపురం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో బేరమాడేంత సవర. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేశాక కొన్నేళ్లు ఎన్జీవోలో తిరిగి, ఇప్పుడు ఒక పెద్ద రవాణా ప్రాజెక్టుకి సర్వే చేసే సంస్థలో ఊళ్లతో మాట్లాడే పనిలో చేరాను. ఏ ప్రాజెక్టో అడక్కండి, చెప్పను. మొదటి రోజే మా పైఆయన చెప్పిన మాట ఇది: గెజిట్‌లో నోటిఫికేషన్ పడేదాకా రూటు గురించి నోరు విప్పొద్దు, ఎవరడిగినా సర్వే జరుగుతోంది అను, అంతే.

బాగానే ఉంది. కానీ నేను సాయంత్రానికి చేరేది మా ఊరికే కదా. మా మావయ్య అరుగు మీద కూర్చుని రోజూ ఒకటే ప్రశ్న, "ఏరా, మన మడిలోంచి పోతుందా, పోదా?" నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం గుణుపురం–థెరువలి రైలు లైను (73.62 కి.మీ.), మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం లైను (173.61 కి.మీ.) ఒకేసారి ఒప్పుకున్న దగ్గర్నుంచి మన వైపు ప్రతి టీకొట్టూ ఒక సర్వే ఆఫీసే. అటు కొరాపుట్ మీదుగా రాయ్‌పూర్–విశాఖ ఆరు వరసల రోడ్డు ఎలాగూ ఉంది. కాబట్టి ఇది నా ఒక్కడి గొడవ కాదనుకుంటున్నా. ముందే చెప్పేస్తే తప్పేంటి?

కొలత_గొలుసు:
తమ్ముడూ, మీ పైఆయన చెప్పిందే రైటు. నేను ముప్పై ఏళ్లు సర్వే పనిలో ఉండి రిటైరయ్యాను. ఒకచోట (ఊరు పేరు వద్దు) ఒక రోడ్డు గీత ముందే బయటికి పొక్కింది. పదిహేను రోజుల్లో ఖాళీ మెట్టలో రేకుల షెడ్లు లేచాయి, టేకు మొక్కలు జానెడు దూరానికొకటి నాటారు, ఒక మహానుభావుడు నీళ్లు లేని బావి కూడా తవ్వించాడు, షెడ్డుకీ చెట్టుకీ బావికీ విడిగా లెక్క కట్టి డబ్బిస్తారు కదా. బయటి నుంచి కార్లలో వచ్చినవాళ్లు రైతుల దగ్గర ఎకరాలకి ఎకరాలు చవగ్గా కొనేసి, పరిహారం వాళ్లే తీసుకుపోయారు. అమ్ముకున్న రైతు తర్వాత మా మీదకే వచ్చాడు, ముందే చెప్పొచ్చు కదా అని. ఎవడో చెప్పబట్టే కదా నాయనా నువ్వు మునిగింది!

గీత పది సార్లు మారుతుంది. ఈరోజు మీ మావయ్య మడి, రేపు పక్కవాడి మడి. పదిసార్లూ చెప్తావా?

నాగావళి_అక్క:
కొలత గొలుసు గారూ, మీ అనుభవం కాదనను. కానీ మీరు చెప్పే దళారుల కథ మైదానం కథ. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఉంది, ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాడు కొనడానికి వీల్లేదు. కారులో వచ్చినవాడు కొంటాడనే భయంతో సవర రైతుకి కూడా గీత దాచిపెట్టడం ఏం న్యాయం?

దాచిపెడితే ఏమవుతుందో, అడిగితే ఏమవుతుందో మా జిల్లా రెండూ చూసింది. కాశీపూర్ వైపు మైకంచ్‌లో 2000 డిసెంబర్ 16న పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు పోయారు. అది అల్యూమినా ప్రాజెక్టు, రైలు కాదు, నిజమే. కానీ ఆ తర్వాత ఊళ్లోకి టేపు పట్టుకుని ఎవరొచ్చినా జనం వాళ్ల చేతుల్లోకి చూస్తారు. ఇంకోవైపు నియమగిరి కొండల్లో బాక్సైట్ గనుల గొడవ. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే అడగమంది, పన్నెండు ఊళ్లు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. అడగొచ్చు, అడిగితే జవాబు చెప్పగలం అని ఇక్కడివాళ్లకి తెలుసు. అలాంటిచోట "సర్వే జరుగుతోంది" అని తప్పించుకుంటే ఎవరు నమ్ముతారు?

కొలత_గొలుసు:
అక్కా, బినామీలు లేరా మన వైపు? పైగా గుణుపురం, రాయగడ టౌన్ల చుట్టూ కోమట్లవీ కాపులవీ భూములు బోలెడు, వాటికి ఆ రెగ్యులేషన్ అడ్డు రాదు. ఈ కుర్రాడి మావయ్యది కూడా అలాంటి భూమే అయ్యుంటుంది. నియమగిరి గనుల సంగతి, దాన్ని రైలుకి అతికించొద్దు. పొడుగ్గా పోయే ప్రాజెక్టులకి, అంటే రోడ్లూ రైళ్లూ కరెంటు లైన్లకి, అటవీ భూమి విషయంలో గ్రామసభ ఒప్పుదల అక్కర్లేదని 2013 ఫిబ్రవరి 5న కేంద్ర అటవీ శాఖే సర్క్యులర్ ఇచ్చింది.

నాగావళి_అక్క:
ఆ సర్క్యులర్ చివరిదాకా చదవండి సార్. ఆదిమ తెగల హక్కులు దెబ్బతినే చోట మినహాయింపు లేదని అందులోనే ఉంది. గుణుపురం పైన కొండల్లో ఉండే లంజియా సవరలు ఎవరనుకున్నారు?

పాత_నారోగేజి:
పర్లాకిమిడి నుంచి. మీ సర్క్యులర్లు నాకు తెలీవు గానీ ఒక మాట. మా ఊరికి 1900లోనే బండి వచ్చింది, రాజావారు వేయించిన రెండున్నర అడుగుల లైను, నౌపడ నుంచి. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఎక్కి వస్తుంటే దిగి నడిచినవాళ్లు ముందు చేరేవారని మా తాత వేళాకోళం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి మేం అటు పోయాం, పట్టాలు మాత్రం సగం అటూ సగం ఇటూ.

2004 జూన్‌లో ఆ చిన్న బండి ఆగింది. బ్రాడ్‌గేజి మీద గుణుపురం దాకా పెద్ద బండి తిరిగేసరికి 2011. ఆ ఏడేళ్లూ మాకు కావలసింది మ్యాపు కాదు బాబూ. ఎప్పుడొస్తుంది, ఈలోగా పాలక్యాన్లు ఎలా తీసుకెళ్లాలి, అదీ ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి ఒక మనిషి కావాలి. నువ్వు రూటు చెప్పకపోయినా పర్లేదు, వారానికోసారి కనబడు.

కిన్వట్_బావ:
నాందేడ్ జిల్లా కిన్వట్ నుంచి, మాదీ సరిహద్దు తెలుగే. మహారాష్ట్రలో నాగపూర్–ముంబయి సమృద్ధి రోడ్డుకి (701 కి.మీ.) జరిగింది చూడండి. మొదట భూమి ఇవ్వండి, తిరిగి ప్లాటు ఇస్తాం అన్నారు, రైతులు ఒప్పుకోలేదు. తర్వాత పద్ధతి మార్చి నేరుగా కొనడం మొదలుపెట్టి, రేటు ఐదింతలదాకా ఇచ్చి, ఊళ్లలో మాట్లాడటానికి సంవాదకులని పెట్టారు. అప్పుడే పని కదిలింది. ఐదింతలు లేకుండా మీ కుర్రాణ్ణి ఊళ్లోకి పంపి తియ్యగా మాట్లాడమంటే ఏం లాభం? ఉద్యోగం అతనిది, తిట్లూ అతనివే. సారీ తమ్ముడూ, కానీ నిజం.

వంశధార_ఒడ్డు:
బావ గారూ, నిన్న అచ్చంగా అదే జరిగింది. చీపురుపుల్లలు ఆరబెట్టుకుంటున్న ఒకావిడ "నువ్వు మా వాడివా, వాళ్ల వాడివా" అని అడిగింది. నేను ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను, అంత టెన్షన్.

రేటు గురించి ఒక సంగతి. ఇక్కడ గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లు చూసి మార్కెట్ విలువ కడతారు. ఆదివాసీ భూమి అమ్ముడే పోదు కాబట్టి రిజిస్ట్రేషన్లు ఉండవు. మనవాళ్లు స్టాంపు ఖర్చుకి భయపడి సగం ధరకే రాయించుకుంటారు. దాని మీద సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) నూరు శాతం కలిపినా ఊళ్లో నడిచే ధర రాదు. ఇదైనా ముందే చెప్పాలి కదా? ఇది రూటు కాదు, రహస్యమూ కాదు.

కొలత_గొలుసు:
ఇది చెప్పు. దీనికి నేనూ ఒప్పుకుంటా. నోటిఫికేషన్ పడ్డాక రైతు చేతిలో ఉండేది చాలా తక్కువ టైము. రైల్వే చట్టంలో 20డి కింద అభ్యంతరానికి 30 రోజులు, జాతీయ రహదారి అయితే 3సి కింద 21 రోజులు. దినపత్రికలో వేస్తారు, మన పల్లెల్లో ముసలివాళ్లు ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. రోడ్డుకైతే పర్యావరణ పబ్లిక్ హియరింగ్ అన్నా ఉంటుంది, రైల్వే లైను 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ జాబితాలోనే లేదు, కాబట్టి ఆ మీటింగూ ఉండదు. ఆ 30 రోజుల గురించి ఇప్పుడే చాటింపు వేయించు. దానికి పైఆయన ఏమీ అనలేడు.

నాగావళి_అక్క:
చూశారా, మెల్లిగా నా వైపు వస్తున్నారు 😄

నేను ఇంకో అడుగు వేస్తా. పెసా చట్టం (షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల చట్టం) 4(ఐ) ప్రకారం షెడ్యూలు ప్రాంతంలో భూసేకరణకి ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఒప్పుకోమని అడగడం వేరనుకోండి, కానీ సంప్రదించడమంటే ఏదో ఒకటి వాళ్ల ముందు పెట్టాలి కదా, ఖాళీ కాగితం చూపిస్తారా? ఒక్క గీత చెప్పకండి, ఆలోచనలో ఉన్న రెండు మూడు దారులూ పెట్టండి. ఏది ఖాయమో తెలియనప్పుడు షెడ్డు ఎక్కడ వేస్తాడు? చెప్పడం పక్కనపెట్టి ముందు అడగండి. శ్రావణంలో నీళ్లు ఎటు నిలుస్తాయి, పశువులు ఎటు దాటతాయి, శ్మశానం ఎక్కడ. సవరలు చనిపోయినవాళ్ల పేరున రాళ్లు నిలబెడతారు. ఆఫీసు మ్యాపులో అవి ఉట్టి రాళ్లే.

కొలత_గొలుసు:
మూడు దారులు పెడితే మూడు ఊళ్లు కొట్టుకుంటాయి, మా ఊళ్లోంచి వద్దు వాళ్ల ఊళ్లోంచి పొమ్మని. అది మీరు చూడలేదు, నేను చూశాను. కానీ నీళ్ల మాట నిజం. డ్రోనుకి ఎత్తుపల్లాలు కనబడతాయి, ఏ గట్టు తెగితే ఎవరి మడి మునుగుతుందో కనబడదు. కొత్త లైన్లకి గేట్లు పెట్టరు, కట్ట కింద నుంచి అండర్‌పాసే. అది తప్పుచోట పడితే నాలుగు నెలలు చెరువు. ట్రాక్టరు దాటదు, పిల్లలు బడికి పోలేరు.

ఒకటి రాసిపెట్టుకో తమ్ముడూ. భూమి రెండు ముక్కలైనవాళ్లకి దాటే దారి, తూము కట్టించాల్సిన బాధ్యత రైల్వే చట్టం సెక్షన్ 16లో ఉంది. కానీ లైను తెరిచి పదేళ్లు దాటితే అదనంగా సొంత ఖర్చుతో కట్టమని వాళ్లని బలవంతపెట్టలేం. డబ్బు గురించి ఊరంతా అరుస్తారు, దారి గురించి ఎవడూ అడగడు. మీ మావయ్య మడి పోతుందా లేదా అన్నదానికన్నా, మిగిలిన మడికి ఎలా వెళ్తాడన్నది అడిగించు.

పాత_నారోగేజి:
ఇంతకీ ఆ మావయ్య మడి పోతుందా, పోదా?

వంశధార_ఒడ్డు:
తాతగారూ, మీరు కూడానా!

ఇవాళ పైఆయన దగ్గర ఒకటి ఒప్పించాను. వచ్చే ఆదివారం సంత రోజు రూటు ఊసెత్తకుండా వాగులూ దారులూ రాళ్ల గుట్టలూ గుర్తుపెట్టించుకుంటాం. అక్క చెప్పినట్టు ముందు అడుగుతాం, నేలమీద ముగ్గుతో ఊరి పటం వేయిస్తాం. 30 రోజుల సంగతి తెలుగులో, ఒడియాలో చాటింపు, సవరకి ఇంకో మనిషిని వెతకాలి, నా సవర బేరానికే పనికొస్తుంది. రెండు మూడు దారులు చూపించడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ అడుగుతాను.

మావయ్యకి ఇవాళ "నాకు తెలుసు గానీ చెప్పకూడదు" అన్నాను. ఆయన కాసేపు బీడీ కాల్చి, "అయితే ఆ కింద మడికి నీళ్లొచ్చే కాలవ చూపిస్తా రా, పొద్దున్నే" అన్నాడు.

నాగావళి_అక్క:
వెళ్లు. గమ్‌బూట్లు వేసుకెళ్లు, జలగలు.