స్విండన్‌లో మొదటి కారు: బండి ముందా, లైసెన్సు ముందా?

స్విండన్, కొత్తగా వచ్చినవారు

అందరికీ నమస్తే అండి. ఉద్యోగం మీద ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని స్విండన్‌కి వచ్చాం. ఆఫీసు ఊరికి ఒక చివర, పాప నర్సరీ ఇంకో చివర. పొద్దున పూట బస్సులతో నరకంగా ఉంది. కారు కొందామని చూస్తున్నాం. కూకట్‌పల్లిలో ఏళ్ల తరబడి నడిపిన చెయ్యి కాబట్టి డ్రైవింగంటే భయం లేదు. కానీ ఆఫీసులో ఒకరు ఇండియన్ లైసెన్సు చాలంటున్నారు, ఇంకొకరు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే ఎన్నాళ్లయినా నడుపుకోవచ్చంటున్నారు. నాలుగు వేల పౌండ్లలో ఒక బండి నచ్చింది. తీరా ఇన్సూరెన్సు చూస్తే ఏడాదికి రెండు వేల పైన చూపిస్తోంది. వివరాలు తప్పు కొట్టానేమోనని మళ్లీ చూసినా అంతే. బండి ధరలో సగం ఇన్సూరెన్సుకా? అమ్మేవాళ్లేమో అడ్వాన్సు ఇవ్వమని తొందరపెడుతున్నారు. ఏం చేయమంటారు?

లెస్టర్

అడ్వాన్సు ఇవ్వకండి తమ్ముడూ. మీరు తప్పేం కొట్టలేదు, ఆ అంకె చూసి గుండె గుభేల్మనని వాళ్లు మనలో ఎవరూ లేరు. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు లైసెన్సు.

ఇండియన్ లైసెన్సు మీద మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. అంతే. ఇంటర్నేషనల్ పర్మిట్ ఆ గడువుని ఒక్క రోజు కూడా పెంచదు. ఆస్ట్రేలియా, కెనడా, జపాన్ లాంటి కొన్ని దేశాల లైసెన్సులైతే డీవీఎల్ఏ, అంటే ఇక్కడ లైసెన్సులిచ్చే ప్రభుత్వ ఆఫీసు వాళ్లు, మార్చి ఇస్తారు. ఆ జాబితాలో ఇండియా లేదు. మీకు ఎన్నేళ్ల అనుభవం ఉన్నా 17 ఏళ్ల పిల్లలతో పాటు మొదట్నుంచీ పరీక్షలు రాయాల్సిందే.

గడువు వచ్చే ఫిబ్రవరిలో కదా, ఇప్పుడు జూనే కదా అనుకుంటారు. మనవాళ్లు చిక్కుకునేది సరిగ్గా అక్కడే. సంక్రాంతి దగ్గర పడ్డాక ప్రొవిజినల్‌కి, అంటే ఇక్కడి లెర్నర్ లైసెన్సుకి, అప్లై చేస్తారు, ప్రాక్టికల్ టెస్టుకి చూస్తే నెలల తర్వాత గానీ తేదీ ఉండదు. ఈలోగా 12 నెలలు దాటిపోతే బండికి ఎల్ బోర్డు తగిలించి, పక్కన 21 ఏళ్లు దాటి మూడేళ్లుగా ఫుల్ లైసెన్సు ఉన్న మనిషిని కూర్చోబెట్టుకుంటేనే నడపాలి. రోజూ ఆఫీసుకి అలాంటి మనిషిని ఎక్కడ తెస్తారు? అలా కాదని ఒంటరిగా వెళ్తే ఇన్సూరెన్సు కూడా చెల్లదనే అనుకోండి.

అందుకని ఈ రాత్రే ప్రొవిజినల్‌కి పెట్టేయండి. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు. అది చేతికొచ్చినంత మాత్రాన మీ ఇండియన్ లైసెన్సు హక్కు పోదు, 12 నెలల లోపు ఎల్ బోర్డు అక్కర్లేదు. కార్డు రాగానే థియరీ పరీక్ష బుక్ చేయండి, 23 పౌండ్లు. 50 ప్రశ్నల్లో 43 రావాలి. ఆ వెంటనే హజార్డ్ పర్సెప్షన్ అని 14 వీడియోలు చూపిస్తారు, 75కి 44 తెచ్చుకోవాలి. రోడ్డు మీద ప్రమాదం ముంచుకొస్తోందని అనిపించగానే మౌసు నొక్కాలి. ఎందుకైనా మంచిదని టకటకా నొక్కుతూ పోతే ఆ వీడియోకి సున్నా ఇస్తారు. బాగా నడిపేవాళ్లు కూడా దీంట్లోనే పోతారు, కాబట్టి ఆ వీడియోలు ముందే ప్రాక్టీసు చేయండి. థియరీ పాసైతేనే ప్రాక్టికల్ బుక్ చేయనిస్తారు. మామూలు రోజుల్లో 62 పౌండ్లు, సాయంత్రాలు, శని ఆదివారాల్లో 75. అసలు ప్రభుత్వ సైటులోనే బుక్ చేయండి. గూగుల్‌లో పైన కనిపించే సైట్లు కొన్ని అదే పనికి అదనంగా గుంజుతాయి.

ప్రాక్టికల్‌కి కనీసం కొన్ని క్లాసులు తీసుకోండి. బండి నడపడం నేర్పమని కాదు. అద్దాలు చూడటం, బ్లైండ్ స్పాట్‌కి తల తిప్పడం ఇక్కడ ఎగ్జామినర్‌కి కనిపించేలా చేయాలి. చిన్న తప్పులు 15 దాకా ఒప్పుకుంటారు, పెద్దది ఒక్కటి పడితే ఫెయిలే. అన్నట్టు, ఆటోమేటిక్‌లో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. గేర్లకి అలవాటుపడ్డ చెయ్యి కాబట్టి మాన్యువల్‌లోనే ఇవ్వండి, రెండూ నడపొచ్చు.

ఇక ఇన్సూరెన్సు. ఇండియాలో మీకున్న నో క్లెయిమ్ బోనస్‌ని ఇక్కడ చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. వాళ్ల దృష్టిలో మీరు నిన్న స్టీరింగ్ పట్టుకున్న మనిషి. పాసయ్యాక తగ్గుతుంది, క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే ఇంకా తగ్గుతుంది. నన్నడిగితే పాసయ్యేదాకా కొనకండి.

మిల్టన్ కీన్స్

లైసెన్సు విషయంలో లెస్టర్ అక్క చెప్పినదానికి తిరుగులేదు. పాసయ్యేదాకా కొనొద్దన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. పసిపిల్లతో నవంబరు వానలో బస్టాపులో నిలబడ్డవాళ్లకి ఆ సలహా ఎక్కదు. చిన్న బండి ఇప్పుడే కొనండి, అదే బండిలో టెస్టుకి కూడా వెళ్లొచ్చు.

కానీ పద్ధతి తిరగేయండి. మీరు బండి నచ్చాక ఇన్సూరెన్సు చూశారు. ఇక్కడ ఇన్సూరెన్సు చూశాక బండి నచ్చాలి. ప్రతి మోడల్‌కీ ఇన్సూరెన్సు వాళ్ల రిస్కు రేటింగు ఒకటి ఉంటుంది, అది పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ప్రకటనలో నంబర్ ప్లేటు కనిపిస్తుంది కదా, అది కంపేర్ ద మార్కెట్, గోకంపేర్ లాంటి సైట్లలో కొట్టి రేటు చూడండి. యారిస్, జాజ్, ఐ10, ఐ20, పోలో ఇవన్నీ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. థర్డ్ పార్టీ చవకనుకుంటాం గానీ ఇక్కడ ఒక్కోసారి కాంప్రహెన్సివే తక్కువకి వస్తుంది, రెండూ చూడండి. రేపటి నుంచి కావాలంటే ఎక్కువ చెప్తారు, మూడు వారాల ముందు చూస్తే తగ్గుతుంది. మీ ఆవిడకి కూడా లైసెన్సు ఉంటే నేమ్‌డ్ డ్రైవర్‌గా, అంటే పాలసీలో రెండో డ్రైవర్‌గా, చేర్చి చూడండి. అయితే రోజూ నడిపేది మీరై ఉండి, చవకొస్తుందని ఆవిడ పేరు మెయిన్ డ్రైవర్‌గా పెట్టకండి. దాన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసం కింద లెక్క. ఆఫీసుకి వెళ్తారు కాబట్టి కమ్యూటింగ్ కూడా టిక్ పెట్టాలి.

బండి ఎంచుకోవడంలో ఇండియాలో మనకి లేని సౌకర్యం ఒకటి ఇక్కడ ఉంది. మూడేళ్లు దాటిన ప్రతి కారూ ఏటా ఎంఓటీ పరీక్ష పాసవ్వాలి. మన పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటిది కాదు. కింద లిఫ్టు మీద ఎక్కించి బ్రేకులు, సస్పెన్షన్, తుప్పు, లైట్లు అన్నీ చూస్తారు. ఏ బండి నంబరైనా ప్రభుత్వ సైటులో కొడితే పాత పరీక్షల చరిత్రంతా ఉచితంగా కనిపిస్తుంది. పాస్, ఫెయిల్ చూసి వదిలేయకండి. కింద అడ్వైజరీలని హెచ్చరికలు ఉంటాయి, అసలు కథ అక్కడుంది. ముందు టైర్లు అరిగిపోతున్నాయని ఒక ఏడాది, మళ్లీ అదే మాట తర్వాతి ఏడాది, బ్రేకు పైపుకి తుప్పని ఆ పై ఏడాది ఉంటే ఆ ఓనరు బండి మీద పైసా పెట్టలేదని అర్థం. మైలేజీ ఏటా పెరుగుతూ రావాలి. ఒక ఏడాది తగ్గితే దండం పెట్టి వచ్చేయండి.

నాలుగు వేలకి బీఎండబ్ల్యూ కూడా వస్తుంది. నిజంగానే వస్తుంది. ఎందుకొస్తోందో ఆలోచించండి. డీజిల్ వద్దు, నర్సరీకీ ఆఫీసుకీ తిరిగే చిన్న ట్రిప్పుల్లో పొగ ఫిల్టరు పూడుకుపోతుంది. కొన్ని చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఇంజన్ ఆయిల్లోనే తిరుగుతుంది, వెట్ బెల్ట్ అంటారు. సర్వీసు రికార్డు లేకుండా అలాంటిది తీసుకోవద్దు.

డీలర్ దగ్గర కొంటే లోపం బయటపడినప్పుడు 30 రోజుల్లో వెనక్కివ్వడానికి చట్టం ఉంది. ఇంటి దగ్గర అమ్మేవాళ్ల దగ్గర కొంటే దాదాపుగా ఎలా ఉన్నది అలాగే. చవగ్గా ఉంటుంది కాబట్టి కొంటాం, అది వేరే సంగతి. బండి మీద పాత ఫైనాన్సు బాకీ ఉందా, ఇంతకుముందు యాక్సిడెంటై రైటాఫ్ (బాగుచేయడం దండగని ఇన్సూరెన్సు వాళ్లు తేల్చేయడం) అయిందా అన్నది కొద్ది డబ్బులకి చెక్ చేయించుకోవచ్చు, తప్పకుండా చేయించండి. వీ5సీ, అంటే లాగ్ బుక్ అనే బండి రిజిస్ట్రేషన్ కాగితం, లేదంటే కొనకండి. దాంట్లోని ఆకుపచ్చ స్లిప్పు మీకిస్తారు. పాత ఓనరు కట్టిన రోడ్ ట్యాక్స్ మీకు రాదు. ఆ స్లిప్పు మీద ఉన్న నంబరుతో మీ పేరున ట్యాక్స్ కట్టి, ఇన్సూరెన్సు మొదలయ్యాకే బండి కదిలించాలి. ఇంటిదాకా తోలుకెళ్లి కడదామనుకుంటే దారిలో కెమెరా పట్టేస్తుంది.

స్విండన్ పాతకాపు

మా ఊరికి స్వాగతం! మన ఊరన్నాక మ్యాజిక్ రౌండబౌట్ గురించి ఎవరో ఒకరు చెప్పాలి. 1972 నుంచి ఉంది. నడుమ ఒక చక్రం, దాని చుట్టూ ఐదు చిన్న రౌండబౌట్లు. బయట సవ్యంగా, లోపల అపసవ్యంగా తిరుగుతాం. చెప్తే బుర్ర తిరుగుతుంది గానీ ఎదురుగా వచ్చే చిన్న రౌండబౌట్ ఒక్కటే చూసుకుని, కుడి నుంచి వచ్చేవాళ్లకి దారిచ్చుకుంటూ పోతే దాటేస్తారు. ఆదివారం పొద్దున్నే వెళ్లి అలవాటు చేసుకోండి.

హైదరాబాద్ చెయ్యి కాబట్టి ఒకటి చెప్పాలి. అక్కడ ఎదుటివాడు డిప్పర్ కొట్టాడంటే నేనొస్తున్నా తప్పుకో అని. ఇక్కడ చాలాసార్లు దానికి తలకిందులు, నువ్వు వెళ్లు నేనాగుతా అని. ఇళ్ల మధ్య రెండు వైపులా బండ్లు పార్క్ చేసి ఒక్క కారుకే సందుంటుంది చూడండి, అక్కడ రోజూ ఇదే భాష. మీరు మన అలవాటులో లైటు కొట్టి ముందుకు దూకితే, ఆయన మీరు దారిచ్చారనుకుని దూకుతాడు. హైవే కోడ్, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, ప్రకారమైతే లైటు కొట్టడమంటే నేనున్నానని చెప్పడం మాత్రమే. అందుకే ఆయన లైటు కొట్టినా బండి నిజంగా ఆగిందో లేదో చూసుకుని కదలండి. దారిచ్చినవాళ్లకి స్టీరింగ్ మీంచి చెయ్యెత్తడం మర్చిపోకండి. హారన్ సంగతి సరే, ఏడాదంతా కొట్టకుండా గడిచిపోతుంది.

బంకులో మనమే పట్టుకోవాలి. ఆకుపచ్చ పైపు పెట్రోలు, నల్లది డీజిల్. పొరపాటున వేరేది పట్టిస్తే బండి స్టార్ట్ చేయకుండా బ్రేక్‌డౌన్ వాళ్లని పిలవాలి. చాలా బండ్లలో స్టెప్నీ ఉండదు, ఒక గమ్ము డబ్బా ఇస్తారు. కొనేటప్పుడు డిక్కీ అట్ట ఎత్తి చూడండి. శీతాకాలంలో అద్దం మీద మంచు గీకే ప్లాస్టిక్ ముక్క, డీఐసర్ స్ప్రే పెట్టుకోండి. వేడినీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. ఇంజన్ ఆన్ చేసి లోపలికెళ్లి టీ తాగడాలు వద్దు. తాళం బండిలో ఉండగా దొంగ ఎత్తుకెళ్తే ఇన్సూరెన్సు వాళ్లు చేతులెత్తేస్తారు.

కార్డిఫ్

క్లుప్తంగా రెండు. వేల్స్ వైపు వస్తే, 2023 సెప్టెంబరు నుంచి ఇక్కడ ఇళ్లున్న రోడ్లలో మామూలు స్పీడు 20 మైళ్లే. మీ దగ్గర వీధి దీపాలుండి బోర్డు లేకపోతే 30. కిలోమీటర్లు కాదు, మైళ్లు.

రెండోది పాయింట్లు, అంటే తప్పు చేస్తే లైసెన్సు మీద పడే మచ్చలు. ఇక్కడ పాసైన రెండేళ్ల లోపు 6 పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, మళ్లీ థియరీ నుంచి. ఫోను చేత్తో పట్టుకుంటేనే 6. ఇన్సూరెన్సు లేకుండా నడిపినా కనీసం 6. స్టూడెంట్లు చదువుతున్నారేమో, మామూలు పాలసీ మీద ఫుడ్ డెలివరీ చేస్తే ఇన్సూరెన్సు లేనట్టే, దానికి వేరే కవర్ తీసుకోవాలి. ఇంకో దారిలో కూడా 6 వస్తాయి. కెమెరాకి స్పీడులో దొరికితే ఉత్తరం వీ5సీలో ఉన్న అడ్రసుకి వస్తుంది. ఎవరు నడిపారో 28 రోజుల్లో చెప్పాలి. మనమేమో అద్దె ఇళ్లు మారుతూ ఉంటాం, ఉత్తరం పాత ఇంటి గుమ్మంలో పడుంటుంది. మామూలుగా 3 పాయింట్లతోనో, ఒక క్లాసుతోనో పోయేది, జవాబివ్వనందుకు 6 అవుతుంది. ఇల్లు మారిన వారంలోనే వీ5సీలోనూ, లైసెన్సులోనూ అడ్రసు మార్చేయండి.

స్విండన్, కొత్తగా వచ్చినవారు

అందరికీ చాలా థాంక్సండి. ప్రొవిజినల్‌కి అప్లై చేశాను. ఆ బండి ఎంఓటీ చరిత్ర చూస్తే మిల్టన్ కీన్స్ అన్న చెప్పినవన్నీ ఉన్నాయి, వదిలేశాను. ఇప్పుడు ఐ10 ఒకటి చూస్తున్నా, ఇన్సూరెన్సు బాగా తగ్గింది. ఆగస్టులో అమ్మానాన్న హీత్రోకి వస్తున్నారు. ఆ బండిలో నేనే వెళ్లి తీసుకురావచ్చా?

హౌన్‌స్లో

రావచ్చన్నా. హీత్రో కూడా యూలెజ్‌లోకే వస్తుంది, అంటే పొగ ఎక్కువొదిలే బండ్లకి రుసుము వేసే లండన్ ప్రాంతం. 2023 ఆగస్టు నుంచి లండన్ బరోలన్నీ అందులోనే ఉన్నాయి. పెట్రోల్ బండి 2006 తర్వాతదైతే దాదాపుగా ఇబ్బంది ఉండదు, అయినా నంబరు కొట్టి చూసుకో. పాతదైతే రోజుకి 12.50 పౌండ్లు. టెర్మినల్ ముందున్న డ్రాపాఫ్ దింపడానికే, ఎక్కించుకోవడానికి షార్ట్ స్టే పార్కింగ్‌లోకి వెళ్లాలి. దింపడానికి వెళ్లినప్పుడు మాత్రం గేటుండదు, టికెట్టుండదు, డబ్బులడిగే మనిషుండడు. కెమెరా ఫొటో తీసుకుంటుంది, మర్నాడు అర్ధరాత్రి లోపు ఆన్‌లైన్‌లో నువ్వే కట్టాలి. పాపకి చైల్డ్ సీటు తప్పనిసరి, 12 ఏళ్లొచ్చేదాకా లేదా 135 సెంటీమీటర్లు దాటేదాకా, ఏది ముందైతే అది.

ఇక ఐ10 అంటున్నావు. అమ్మానాన్న తలా రెండు పెద్ద సూట్‌కేసులు తెస్తారు, పచ్చళ్ల డబ్బా వేరే. వెనక పాప సీటు పోను డిక్కీలో రెండు పెట్టెలు పడితే గొప్పే. ఆ ఒక్క రోజుకి పెద్ద క్యాబ్ మాట్లాడుకోవడమే నయం.