పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కితే ఎక్కడో జాంబియాలో మొక్కజొన్న ఎందుకు ఎండిపోతుంది?

నీలికెరటం:
ఎల్ నినో గురించి వార్తల్లో ఎన్నిసార్లు విన్నా నాకు కొన్ని ముడులు విడటం లేదు. పసిఫిక్ మధ్యలో నీళ్లు మామూలుకన్నా అర డిగ్రీ, ఒక డిగ్రీ వేడెక్కితే చాలంటారు, ఒకచోట వరదలు, ఇంకోచోట కరువు, మరోచోట చేపలు మాయం. ఒక్క డిగ్రీకి అంత బలం ఎక్కడిది? సరే, అదే నిజమనుకుందాం, మరి 1997లో అంత పెద్ద ఎల్ నినో వస్తే భారతదేశంలో వానలు మామూలుగానే పడ్డాయి, 2002లో అంతకన్నా చిన్నది వచ్చినా కరువు తప్పలేదు, ఇదేం లెక్క? ఇంకోటి, ఇది నెలల ముందే తెలుస్తుందంటున్నారు కదా, తెలిసి కూడా ప్రతిసారీ రైతులూ జాలర్లే ఎందుకు మునిగిపోతున్నారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్, ఉత్త లింకులు ఇచ్చి వెళ్లిపోకండి.

గాలివాటు:
నీలికెరటం గారూ, ఒక డిగ్రీయే కదా అనుకోకండి, ఆ ఒక డిగ్రీ ఎంతమేర పరుచుకుని ఉందో చూడండి. భూమధ్యరేఖ వెంబడి వేల కిలోమీటర్ల పొడవున సముద్రం వేడెక్కుతుంది. పైగా అవి అసలే వెచ్చటి నీళ్లు. చల్లటి సముద్రం ఒక డిగ్రీ పెరిగితే ఆకాశంలో పెద్ద తేడా కనబడదు, అదే 27, 28 డిగ్రీల దగ్గరున్న సముద్రం ఇంకాస్త వేడెక్కిందంటే దాని మీద దట్టమైన వానమబ్బులు లేవడం మొదలవుతుంది.

మామూలు ఏడాదిలో అక్కడ వాణిజ్య పవనాలు దక్షిణ అమెరికా వైపు నుంచి ఇండొనేషియా వైపు వీస్తాయి. ఎండకు కాగిన పైనీళ్లను అటే నెట్టుకుపోతాయి, ఎంతగా అంటే ఇండొనేషియా దగ్గర సముద్ర మట్టం ఈక్వెడార్ దగ్గరకంటే దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది. వానలు కూడా ఆ వేడినీళ్ల మీదే. ఎల్ నినో ఏడాది ఆ గాలులు నీరసిస్తాయి, పడమట పోగుపడిన వేడినీరు తూర్పుకి జరుగుతుంది, నీరు జరిగేసరికి గాలులు ఇంకా నీరసిస్తాయి, దాంతో ఇంకా నీరు జరుగుతుంది. సముద్రమూ గాలీ ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయని 1960ల్లో యాకబ్ బ్యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త విప్పి చెప్పాడు. అంతకు చాలాముందే భారత వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రుతుపవనాలను ముందే పసిగట్టాలని ప్రపంచమంతటి గాలి పీడనం లెక్కలు పోగేసి చూసి, పసిఫిక్‌కి ఒక పక్క పీడనం పెరిగితే రెండో పక్క తగ్గుతోందని పట్టుకున్నాడు. దాని వెనక సముద్రం ఉందని ఆయన కాలానికి ఇంకా తెలియదు.

అసలు జరిగేదేంటంటే, వాన పడే చోటు మారిపోతుంది. మబ్బులు లేచేచోట గాలి పైకి పోతుంది, పైకి పోయిన గాలి ఎక్కడో ఒకచోట కిందికి దిగాలి, దిగేచోట మబ్బు కట్టదు. లేచే చోటు వేల కిలోమీటర్లు జరిగితే దిగే చోట్లు కూడా జరుగుతాయి. అందుకే ఇండొనేషియా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా దక్షిణ భాగం, మధ్య అమెరికా ఎండుతుంటే పెరూ ఉత్తర తీరంలో, తూర్పు ఆఫ్రికాలో కుండపోతగా పడుతుంది.

ఉప్పునీరు:
చేపల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఇందులో అందరికన్నా ముందు దెబ్బ తినేది జాలర్లు, వార్తల్లో అందరికన్నా చివర వచ్చేదీ వాళ్లే.

పెరూ తీరంలో గాలి పైనీటిని ఒడ్డు నుంచి అవతలికి తోసేస్తుంటే ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. ఆ నీటి నిండా పోషకాలే, వాటి మీద కంటికి కనబడని నాచు పెరుగుతుంది, దాని మీద ఆధారపడి ఆంకోవెటా అనే చిన్న చేప కోట్ల కోట్లుగా బతుకుతుంది. 1970లో పెరూ ఈ ఒక్క చేపనే కోటీ 20 లక్షల టన్నుల దాకా పట్టింది. 1972-73 ఎల్ నినోలో వెచ్చటి నీటి పొర మందమైపోయి, పోషకాలున్న నీరు మరీ లోతుకి పోయింది, 1973లో 20 లక్షల టన్నులు కూడా రాలేదు. తప్పంతా సముద్రానిదే అంటే నేను ఒప్పుకోను, అంతకుముందు ఏళ్లలో అదుపు లేకుండా పట్టేశారు, తట్టుకునే శక్తి చేపల గుంపులకే మిగల్లేదు, అలాంటప్పుడు వచ్చింది ఎల్ నినో. ఆ దెబ్బ పెరూ దగ్గర ఆగలేదు. కోళ్ల మేతలో కలిపే చేపల పొడి దొరక్క ప్రపంచమంతా సోయా మీద పడింది, మిగతా కారణాలు కూడా తోడై ధర మండిపోతే 1973 జూన్‌లో అమెరికా కొన్నాళ్లు సోయా ఎగుమతులే ఆపేసింది.

2023లో మళ్లీ ఎల్ నినో వచ్చినప్పుడు, దొరుకుతున్నవాటిలో పిల్లచేపలే ఎక్కువగా ఉన్నాయని పెరూ తన ప్రధాన ప్రాంతంలో ఆ ఏటి మొదటి సీజన్ వేటను రద్దు చేసింది. అది సరైన నిర్ణయమే, 1972లో ఆ పని చేయలేదు. కానీ పడవ మీద కూలికి పోయేవాళ్లు, చేపల పొడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఆ నెలలు ఎలా గడుపుకోవాలన్నది కూడా అదే నిర్ణయంలో భాగం కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదే సముద్రం అదే దేశంలో ఎడారికి నీళ్లు కూడా తెస్తుంది, 1998లో ఉత్తర పెరూలోని సెచురా ఎడారిలో పెద్ద సరస్సే ఏర్పడింది.

మెట్టపొలం:
ఆఫ్రికా మొక్కజొన్న ప్రశ్నకి జవాబు క్యాలెండర్‌లో ఉంది. ఎల్ నినో సాధారణంగా నవంబరు, జనవరి మధ్య ముదురుతుంది. జాంబియా, మలావి, జింబాబ్వేల్లో వర్షాధార మొక్కజొన్న విత్తేది కూడా నవంబరు, డిసెంబరు ప్రాంతంలోనే, జనవరి, ఫిబ్రవరికి పంట పూత దశలో ఉంటుంది, ఆ దశలో కొన్ని వారాలు వాన మొహం చాటేస్తే చేను పచ్చగానే కనబడినా కంకిలో గింజ ఉండదు. 2024లో జరిగింది అదే. జాంబియాలో మొక్కజొన్న వేసిన సుమారు 22 లక్షల హెక్టార్లలో 10 లక్షల హెక్టార్లు పోయాయి, ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది. పైగా ఆ దేశంలో కరెంటు చాలావరకు జలవిద్యుత్తే, కరీబా జలాశయం అడుగంటితే గంటల తరబడి కోతలు, అంటే పొలం లేనివాళ్లకి కూడా పని పోయింది.

ఇక ముందే తెలిస్తే ఎందుకు మునుగుతున్నారన్న మీ ప్రశ్న, నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. మలావి సంగతి చూడండి. కరువు వస్తే వెంటనే డబ్బు అందాలని ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థ దగ్గర ఆ ప్రభుత్వం బీమా తీసుకుంది. 2015-16 ఎల్ నినోలో కరువు రానే వచ్చింది, 60 లక్షలమందికి పైగా తిండికి సాయం కావాల్సి వచ్చింది, కానీ ఉపగ్రహాల వాన లెక్కల మీద నడిచే కంప్యూటర్ మోడల్ మాత్రం పరిహారం అక్కర్లేదని తేల్చింది. ఆరా తీస్తే తేలిందేంటంటే, మోడల్‌లో దీర్ఘకాలిక మొక్కజొన్న రకం ఉంది, రైతులు వేసింది 90 రోజుల రకం. వాన ఆగిపోయిన వారాల్లో మోడల్ లెక్కలోని పంటకి ఇంకా సమయం ఉంది, పొలంలో పంటకి లేదు. సరిదిద్ది సుమారు 80 లక్షల డాలర్లు ఇచ్చారు, కానీ అప్పటికి నెలలు గడిచిపోయాయి, ఆకలి కాలం వచ్చేసింది. అంత ఖర్చుపెట్టి ఉపగ్రహాలు ఎగరేసి, పొలంలో ఏ విత్తనం ఉందో రైతుని అడగకపోతే ఇలాగే అవుతుంది. ముందస్తు సమాచారం ఉండటం వేరు, దాన్ని వాడుకోవడానికి చేతిలో విత్తనం, అప్పు, నిల్వ గింజలు ఉండటం వేరు.

నీలికెరటం:
అందరికీ థ్యాంక్సండీ, మలావి కథ నాకు అస్సలు తెలియదు. కానీ 1997, 2002 సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే ఇదంతా భూతాపం వల్లేనా?

గాలివాటు:
సారీ, అది వదిలేశాను. ఎల్ నినో అంటే కరువు ఖాయం అని కాదు, కరువు వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. 1997లో హిందూ మహాసముద్రం పడమటి సగం బాగా వేడెక్కి, ఇండొనేషియాలోని సుమత్రా వైపు చల్లబడింది, అలా ఉన్నప్పుడు భారత రుతుపవనాలకు బలం వస్తుంది, పసిఫిక్ లాగేసుకున్నది చాలావరకు అటు నుంచి పూడింది. 2002లో ఆ అండ లేదు, పైగా వేడి పెరూ వైపు కాకుండా పసిఫిక్ మధ్యలో గుమిగూడింది, భారతదేశానికి అది ఎక్కువ చేటు. ఆ జులైలో దేశం మొత్తం మీద వాన దాదాపు సగానికి పడిపోయింది. కాబట్టి ఎల్ నినో ఎంత పెద్దది అని ఒక్కటే అడిగితే సరిపోదు, వేడి ఎక్కడుంది, పక్క సముద్రం ఏం చేస్తోంది అని కూడా అడగాలి.

భూతాపంతో పుట్టింది కాదు, రెండు నుంచి ఏడేళ్లకోసారి చాలాకాలంగా వస్తూనే ఉంది. అయితే సముద్రంలో దాగిన వేడి అప్పుడు గాలిలోకి విడుదలవుతుంది, అసలే వేడెక్కిన భూమికి అది అదనం. 2016, 2024 అప్పటికి రికార్డు వేడి సంవత్సరాలు కావడంలో దీని చెయ్యి ఉంది.

తూర్పుగాలి:
ఒక్క మాట కలుపుతాను. వాన పడనిచోటే నష్టం అనుకోకండి. 2023 జులైలో వానలు ఎలా ఉంటాయో అన్న టెన్షన్, ధరల భయం మధ్య భారతదేశం బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది, ప్రపంచ బియ్యం వ్యాపారంలో 40 శాతం దాకా ఒక్క దేశానిదే కాబట్టి దిగుమతి మీద బతికే దేశాల్లో ధరలు ఎగిశాయి. అదే ఏడాది పనామా కాలువకి నీళ్లిచ్చే గటూన్ సరస్సు తగ్గిపోయి, రోజుకి 36 దాకా వెళ్లే ఓడలను డిసెంబరు నాటికి 22కి కుదించారు.

ముందస్తు అంచనా విషయంలో కూడా ఒక చిక్కుంది. 1982-83 ఎల్ నినోని వచ్చి మీద పడేదాకా ఎవరూ సరిగ్గా గుర్తించలేదు, ఆ తర్వాతే భూమధ్యరేఖ వెంబడి పసిఫిక్‌లో సముద్రం వేడినీ గాలినీ కొలిచే సుమారు 70 బోయ్‌లు (నీటిపై తేలే పరికరాలు) దించారు, 1994కి ఆ పని పూర్తయింది, అందుకే 1997 నాటిదాన్ని ఎదుగుతుండగానే చూడగలిగారు. అయినా మార్చి, మే మధ్య చెప్పే అంచనాలు ఇప్పటికీ చాలాసార్లు తప్పుతాయి, ఆ నెలల్లో సముద్రం ఎటైనా తిరగొచ్చు. కాబట్టి ఏప్రిల్‌లో వచ్చే ‘ఈసారి భయంకర ఎల్ నినో’ హెడ్‌లైన్లు చూసి హడలిపోకండి, జూన్, జులై అంచనాలు చూడండి. దక్షిణార్ధగోళంలో విత్తడానికి అప్పటికింకా నాలుగైదు నెలల టైం ఉంటుంది, విత్తనం మార్చాలన్నా, గింజలు నిల్వ చేయాలన్నా ప్రభుత్వాలు కదలాల్సింది ఆ నెలల్లోనే.