కేంద్రం పన్నుల వాటాలో సౌత్‌కి అన్యాయం నిజమేనా, ఊరికే గోలా?

గోదారి కుర్రోడు:
కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో తేల్చేది ఫైనాన్స్ కమిషన్ కదా, 14వ దాని నుంచి 15వ దానికి (2021-26) వచ్చేసరికి తెలంగాణ వాటా 2.437 నుంచి 2.102 శాతానికి పడింది, మన ఏపీది 4.305 నుంచి 4.047కి, కర్ణాటకకైతే 4.713 కాస్తా 3.647 అయ్యింది. యూపీ ఒక్కదానికే దాదాపు 18 అండి. 1971 జనాభా పక్కన పడేసి 2011ది పట్టుకున్నారు, ఇద్దరు చాలన్నారని ఆపరేషన్లు చేయించుకున్నందుకు జరిమానా కాకపోతే ఏంటిది?

పాట్నాలో తెలుగోణ్ణి:
జరిమానా అంటే కొంచెం ఓవర్ అండి. వాటా లెక్కలో వందకి జనాభాకి ఇచ్చింది 15 మార్కులే, ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకి 45, పైగా పిల్లల్ని తగ్గించినోళ్లకి విడిగా 12.5 పెట్టారు. నేను ఉద్యోగం మీద ఇక్కడుంటున్నా, ఇక్కడి కుర్రాళ్లు ఇక్కడ చదువుకుని హైదరాబాద్ సైట్లలో పనికి పోతున్నారు, చదివించిన ఖర్చు బీహార్‌ది, కట్టిన అపార్ట్‌మెంట్ మనది. అయినా హైదరాబాద్ డబ్బు ఆదిలాబాద్‌కి పోతే ఎవరూ ఏడవట్లేదుగా?

ఓరుగల్లు పోరడు:
పేదోళ్లకి ఇయ్యద్దని ఎవలంటున్నరన్నా, అసలు కిరికిరి సెస్సుల కాడుంది. పన్నుల్ల 41 శాతం రాష్ట్రాలకే అంటరు గానీ సెస్సు, సర్‌చార్జి అని పన్ను మీద అదనంగ ఏసేటివి పంచే లెక్కలకే రావు, రాజ్యాంగం ఆర్టికల్ 270లనే బయట పెట్టిండ్రు. 2022 మేల పెట్రోల్ రేటు తగ్గించినంక లీటర్ మీద కేంద్ర సుంకం 19.90 ఉండె, అండ్ల పంచే లెక్కల పడేది 1.40. రూపాయి నలభై పైసలు!! మిగిలింది మొత్తం ఢిల్లీకే, బీహార్‌కు గూడ అండ్ల పన్ను వాటా రాదు, మీరేమో ఇక్కడ బీహార్ ఎక్కువ తిన్నదా మనమా అని కొట్లాడుతున్నరు.

గోదారి కుర్రోడు:
ఆ సెస్సుతో హైవేలు వేస్తున్నారు కదా మరి, గాల్లో కలిసిపోలేదుగా.

ఓరుగల్లు పోరడు:
ఏస్తున్నరు, కాదన్ననా? ఏ రోడ్డు ముందు ఏ రోడ్డు ఎనక అనేది మాత్రం అక్కడ కూసొని డిసైడ్ చేస్తరు. కేంద్రం స్కీములు సుత గంతే, చాలావాటికి 60:40, మన 40 మనం పెట్టాలె, బోర్డు మీద ఫొటో వాళ్లది.

పాట్నాలో తెలుగోణ్ణి:
ఈ పాయింట్‌కి నేను ఫుల్ సపోర్ట్. సెస్సులకి ఒక లిమిట్ పెట్టాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, మన ఎంపీలు ఎంతమందున్నా సరిపోరు, యూపీ బీహార్ వాళ్లు కూడా చెయ్యెత్తాలి, మన డబ్బు తింటున్నారని రోజూ తిడుతూ వాళ్లని ఎలా పిలుస్తారు చెప్పండి.

గోదారి కుర్రోడు:
పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. 4.305 ఎందుకు 4.047 అయ్యిందని మాత్రం అడుగుతూనే ఉంటా.