లక్షణాలేవీ లేనివాళ్లకి కూడా హెపటైటిస్ పరీక్ష చేయించాలా?

నమస్కారమండీ. కంటి ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో మా నాన్నగారికి హెపటైటిస్ బి (కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు) ఉందని బయటపడింది. కామెర్లు రాలేదు, నీరసం లేదు, ఆకలి బాగానే ఉంది. ఎన్నేళ్లుగా ఉందో ఏమో!

రక్తం ఎక్కించుకున్నారా, ఒకే సూది పదిమందికి వాడిన చోట ఇంజక్షన్ చేయించుకున్నారా, పచ్చబొట్టు ఉందా అని డాక్టరుగారు అడిగితే నాన్నగారు అన్నిటికీ "లేదు" అన్నారు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకి ఉంటే ఆయనకెలా తెలుస్తుంది? అందుకే ప్రమాదం ఉన్నవాళ్లనే ఏరి పరీక్షిస్తే ఇలాంటివాళ్లు తప్పిపోతారని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆయన రేజరుతోనే తమ్ముడు ఏళ్ల తరబడి గడ్డం గీసుకున్నాడు. ఇప్పుడది చూస్తేనే గుండె ఝల్లుమంటోంది.

ఇంట్లో అందరం పరీక్ష చేయించుకుంటున్నాం. హెచ్‌బీఎస్ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చూపే రక్తపరీక్ష) ఒక్కటి చాలా, యాంటీబాడీలు (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేవి) కూడా చూడాలా? టీకా ఎవరికి వేయించాలో దాన్నిబట్టే తేలుతుందట కదా. హెపటైటిస్ సి కూడా చూపించుకుంటాం. దానికి టీకా లేకపోయినా మాత్రలతో నయమవుతుంది. యాంటీబాడీ పాజిటివ్ వస్తే, వైరస్ ఇంకా ఒంట్లో ఉందో లేదో చూపే ఆర్ఎన్ఏ పరీక్ష మనమే అడగాలా?

ఊరంతటికీ పరీక్షలు చేసిన అనుభవం ఉన్నవాళ్లుంటే ఒక్కమాట చెప్పండి: సూదుల గురించి, లైంగిక సంబంధాల గురించి జనం సిగ్గుపడకుండా చెప్పేలా ఎలా అడిగారు? మా బంధువులనీ ఒప్పించాలి.