గుర్తు తెలియని లారీ గుద్దిపోయింది, బండి దొరకలేదు. పరిహారం వస్తుందా?

నకిరేకల్ తమ్ముడు:
అందరికీ నమస్కారం. నెలన్నర కింద మా బావ కోదాడలో పని చూసుకొని బైక్ మీద ఇంటికి వస్తుంటే, మునగాల దగ్గర హైవే మీద వెనక నుంచి లారీ గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. రాత్రి పూట కావడంతో నంబరు ఎవరూ చూడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం అయ్యాయి. స్టేషన్‌లో ఎప్పుడు అడిగినా చూస్తున్నాం అంటున్నారు. అక్కకు ఇద్దరు చిన్న పిల్లలు. రెండున్నర ఎకరాల పొలం ఉంది, అంతే. బండి దొరక్కపోతే రూపాయి కూడా రాదని ఊళ్లో పెద్దమనుషులు అంటున్నారు. నిన్న ఒకాయన ఇంటికే వచ్చి, "నాకు తెలిసిన లారీ ఉంది, దానికి ఇన్సూరెన్స్ ఉంది, ఆ నంబరు కేసులో పెట్టిస్తా. ఇరవై లక్షల దాకా వస్తాయి, మూడో వంతు నాది" అన్నాడు. అక్క ఎటూ తేల్చుకోలేకపోతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రిటైర్డ్ ఏఎస్సై, ఖమ్మం:
తమ్ముడూ, ముందు ఆ మనిషిని గడప తొక్కనీయకండి. గుద్దని బండిని కేసులోకి తేవడం అంటే దొంగ సాక్షులు, దొంగ డ్రైవరు, కోర్టులో అబద్ధపు ప్రమాణం. ఇన్సూరెన్స్ కంపెనీలు ఇప్పుడు ఇలాంటి క్లెయిమ్‌ల మీద సొంతంగా విచారణ చేయిస్తున్నాయి. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి దొంగ క్లెయిమ్‌లు ఎక్కువైతే అలహాబాద్ హైకోర్టు 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయించింది. బయటపడ్డ రోజున మూడో వంతు అడిగినాయన కనిపించడు. పిటిషన్ మీద సంతకం మీ అక్కది కాబట్టి కేసూ ఆమె మీదే పడుతుంది. పైగా ఎఫ్‌ఐఆర్‌లో మొదట "గుర్తు తెలియని వాహనం" అని రాసి, రెండు నెలల తర్వాత హఠాత్తుగా నంబరు ప్రత్యక్షమైతే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఇక అసలు లారీ సంగతి. వెనక నుంచి గుద్దిందంటే అదీ హైదరాబాద్ వైపే పోతున్నట్టు. మధ్యలో ఎటూ తిరగకపోతే కొర్లపహాడ్ టోల్ దాటి ఉండాలి. ప్రమాదం జరిగిన టైమ్ నుంచి గంటన్నర లోపు దాటిన లారీల కెమెరా ఫుటేజీ, ఫాస్టాగ్ రికార్డు తెప్పించమని ఎస్సైకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి, కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. దారిలో పెట్రోల్ బంకులు, దాబాల కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది పడిపోతూ ఉంటుంది, ఈపాటికి పోయి ఉండొచ్చు. ఫాస్టాగ్ లెక్క మాత్రం డబ్బు లావాదేవీ కాబట్టి ఉంటుంది. స్పాట్ పంచనామాలో ఇండికేటర్ పెంకులు, రంగు చారలు ఏమైనా రాశారేమో చూడండి. బైక్ వెనక మడ్‌గార్డుకు అంటిన రంగు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోతే లారీ దొరికినప్పుడు పనికొస్తుంది. అందాక ఆ బైక్‌ను రిపేరుకు ఇవ్వకండి.

మోటారు కేసుల వకీలు, నల్గొండ:
ఏఎస్సై గారు చెప్పింది అక్షరాలా నిజం. బండి దొరక్కపోతే ఏమీ రాదన్న మాట మాత్రం తప్పు. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ ఉన్నదే ఇలాంటి వాళ్ల కోసం. గుద్దిన వాహనం ఆచూకీ తెలియకపోతే చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. ఇదివరకు 25 వేలు, 12,500 ఉండేవి. 2019 సవరణ తర్వాత, 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త పథకం అమల్లోకి వచ్చింది.

ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. కోర్టుకు పోనక్కర్లేదు, వకీలూ అక్కర్లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా). ప్రమాదం జరిగిన చోటు ఏ రెవెన్యూ డివిజన్ కిందికి వస్తే అక్కడ దరఖాస్తు పెట్టాలి. మీ ఇల్లు నకిరేకల్ అయినా, మునగాల మండలం కోదాడ డివిజన్‌లో ఉంది కాబట్టి కోదాడ ఆర్డీవో ఆఫీసుకు వెళ్లండి. చట్టం భాషలో ఆయన క్లెయిమ్స్ ఎంక్వైరీ ఆఫీసర్. నెలలోగా విచారించి కలెక్టరుకు నివేదిక పంపాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆ ఉత్తర్వు అందాక జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ (ఇన్సూరెన్స్ కంపెనీల ఉమ్మడి సంస్థ) మరో 15 రోజుల్లో డబ్బు నేరుగా అక్క ఖాతాలో వేయాలి. కాగితం మీద లెక్క ఇది. వాస్తవంలో వెంటపడితేనే కదులుతుంది.

ఫారం 1 దరఖాస్తు, ఫారం 4 హామీపత్రం నింపాలి. వాటికి ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, బావగారి గుర్తింపు కార్డు, అక్క గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కాపీ జతచేయండి. వారసులెవరో తేల్చడానికి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా పెడితే తర్వాత కొర్రీలు పడవు. అత్తామామలు ఉంటే వాళ్ల పేర్లూ రాయించండి. దాస్తే రేపు వాళ్లే అభ్యంతరం పెడతారు.

"ఇలాంటి స్కీమ్ మాకు తెలియదు" అని సెక్షన్ క్లర్కు తిప్పి పంపడం కొన్ని ఆఫీసుల్లో మామూలే. అప్పుడు సుప్రీంకోర్టు 2024 జనవరి 12న రాజశేఖరన్ కేసులో ఇచ్చిన తీర్పు పేరు చెప్పండి. ఎఫ్‌ఐఆర్ అయ్యి నెల దాటినా వాహనం దొరక్కపోతే, ఈ పథకం కింద పరిహారం అడగవచ్చని, ఎవరి దగ్గరికి వెళ్లాలో చిరునామాతో సహా, పోలీసులే కుటుంబానికి రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉంది. మీకు నెలన్నర అయింది. ఆ కాగితం రాలేదంటే అడిగే హక్కు మీకుంది. 2022లో దేశం మొత్తం మీద గుద్ది పారిపోయిన ప్రమాదాలు 67,387, చనిపోయినవాళ్లు 30,486 మంది. ఈ డబ్బు అడిగిన కుటుంబాలు ఆ లెక్కలో మరీ కొద్ది. తెలియకనే అడగలేదు.

నకిరేకల్ తమ్ముడు:
సార్, చాలా థ్యాంక్స్. ఆయన్ని రావద్దని చెప్పేశాం. ఒక డౌట్. ఈ 2 లక్షలు తీసుకున్నాక లారీ దొరికితే పెద్ద కేసు వేయడానికి ఉండదా?

మోటారు కేసుల వకీలు, నల్గొండ:
ఉంటుంది. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో అదే చట్టం 166వ సెక్షన్ కింద వేయొచ్చు. అక్కడ బావగారి వయసు, సంపాదన, ఆధారపడినవాళ్ల సంఖ్య చూసి లెక్క కడతారు కాబట్టి మొత్తం చాలా ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు తీసుకున్న 2 లక్షలు అందులోంచి మినహాయిస్తారు, అంతే. ఆ కేసు మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కోదాడ తిరగక్కర్లేదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలని ఇప్పటి చట్టం. ఆ గడువు చెల్లదని సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, దాన్ని నమ్ముకొని కూర్చోవద్దు. నంబరు దొరికిన వారంలో నాలాంటి ఎవరినైనా కలవండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి కూడా లేదు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇన్సూరెన్స్ సర్వేయర్, విజయవాడ:
అందరూ లారీ ఇన్సూరెన్స్ గురించే మాట్లాడుతున్నారు. బైక్ ఎవరి పేరున ఉందండీ? మీ బావగారి పేరునే ఉండి, ఆయనే నడుపుతూ, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంటే, ఆ బైక్ పాలసీ కాగితం తీసి "ఓనర్ డ్రైవర్ పీఏ" (సొంత బండి నడిపే యజమానికి ఉండే ప్రమాద బీమా) అన్న గడి చూడండి. ప్రీమియం పట్టికలో ఆ గడికి ఎదురుగా అంకె ఉంటే 15 లక్షల కవర్ ఉన్నట్టే. సున్నా ఉంటే లేనట్టు. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు "నాకు వేరే పాలసీ ఉంది" అని టిక్ పెట్టి కొంత డబ్బు మిగుల్చుకునేవాళ్లు చాలామంది. ఎదుటి బండి ఎవరిదో తెలియకపోయినా, తప్పు ఎవరిదైనా ఈ డబ్బు వస్తుంది. ఆ 2 లక్షలకూ దీనికీ సంబంధం లేదు, రెండూ తీసుకోవచ్చు.

నకిరేకల్ తమ్ముడు:
సార్, ఇప్పుడే అక్కను అడిగి పాలసీ ఫోటో పెట్టించుకున్నా. ఆర్సీ బావ పేరునే ఉంది, లైసెన్స్ ఉంది. ఆ గడిలో 15,00,000 అని ఉంది, ఎదురుగా ప్రీమియం కూడా ఉంది!! నామినీ అక్క. ఇంతకాలం ఈ కాగితం బీరువాలోనే ఉంది. ఇప్పటికే నెలన్నర ఆలస్యం అయింది, ఇస్తారా?

ఇన్సూరెన్స్ సర్వేయర్, విజయవాడ:
ఆలస్యం ఒక్కటే కారణంగా నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయకూడదు. ఇవాళే పాలసీ నంబరుతో మెయిల్ పెట్టి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఆలస్యం ఎందుకైందో ఒక్క వాక్యంలో రాయండి చాలు. ఒరిజినల్స్ చేతికి ఇవ్వకండి, చూపించి జిరాక్స్ ఇవ్వండి. మద్యం గురించి పోస్టుమార్టం రిపోర్టులో ఏముందో ముందే చదివి పెట్టుకోండి, మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. తిరస్కరిస్తే కారణం రాతలో అడిగి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. అక్కడ ఫీజు ఉండదు.

రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్:
బావగారి అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లూ తీయించండమ్మా. మే నెలాఖరులో 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి అనే జీవిత బీమా, అది ఇంకో 2 లక్షలు. ఈ రెండూ బ్రాంచిలోనే క్లెయిమ్ ఫారం ఇచ్చి పెట్టాలి. పొలం ఉందన్నారు, పట్టాదారు పాస్‌బుక్ బావగారి పేరునే ఉంటే రైతుబీమా సంగతి ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడిగారా?

నకిరేకల్ తమ్ముడు:
రైతుబీమాకు ఏఈవో సారే వచ్చి డెత్ సర్టిఫికెట్, ఆధార్ తీసుకెళ్లారు సార్, 5 లక్షలు అన్నారు. ఆ 20 రూపాయల సంగతి తెలియదు, రేపే బ్యాంకుకు పోతాం.

గుంటూరు అక్క:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మ ఆటోలో వెళ్తుంటే కారు గుద్ది పారిపోయింది. కాలు విరిగి ఆసుపత్రిలో ఉంది, మొన్ననే జరిగింది. మాకు 50 వేలేనా?

మోటారు కేసుల వకీలు, నల్గొండ:
అమ్మా, మీకు టైమ్ ముఖ్యం. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గుర్తించిన ఆసుపత్రుల్లో 1.5 లక్షల దాకా చికిత్స. గుద్ది పారిపోయిన కేసులకూ వర్తిస్తుంది. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో ఇప్పుడే అడగండి. వాళ్లు పోలీసుల నుంచి నిర్ధారణ తీసుకోవాలి. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయమే. డిశ్చార్జి నాడు గాయాల వివరాలు రాసే వూండ్ సర్టిఫికెట్‌లో ఆ మాట పడిందో లేదో చూసుకోండి, "సాధారణ గాయం" అని పడితే 50 వేలకు అడ్డు.

మీకు ఇంకో దారీ ఉంది. అమ్మగారు ఆటోలో ప్రయాణికురాలు. ఆటో డ్రైవరు తప్పు కూడా కొంత ఉంటే, పారిపోయిన కారు దొరక్కపోయినా మొత్తం పరిహారం ఆటో ఓనరు, దాని ఇన్సూరెన్స్ నుంచే అడగవచ్చు. ఎవరి తప్పు ఎంతో తేల్చే భారం ప్రయాణికురాలిది కాదు. సుప్రీంకోర్టు 2015లోనే ఈ సంగతి స్పష్టం చేసింది. అందుకే ఆటో నంబరు, పాలసీ కాపీ ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. డ్రైవరు మంచివాడని మొహమాటపడొద్దు, ఇన్సూరెన్స్ ఉంటే కట్టేది కంపెనీ.

గుంటూరు అక్క:
ఆ డ్రైవరే అమ్మను ఆసుపత్రికి తెచ్చాడు సార్, అందుకే అడగడానికి మనసొప్పలేదు. అడుగుతాను.

నకిరేకల్ తమ్ముడు:
అన్నలారా, ఆ లారీ డ్రైవరు దొరికితే పదేళ్ల శిక్ష అని టీవీలో చెప్పారు, నిజమేనా?

రిటైర్డ్ ఏఎస్సై, ఖమ్మం:
ఇప్పటికి కాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో భాగంలో, చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అని ఉంది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. జూలై 1న కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. మొదటి భాగం కింద ఐదేళ్ల దాకా ఉంది. మీ ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్ 106(1) అని ఉండాలి, చూసుకోండి. దరఖాస్తు పెట్టడానికి కోదాడ వెళ్తారు కదా, అదే రోజు మునగాల స్టేషన్‌లో టోల్ ఫుటేజీ అర్జీ కూడా ఇచ్చేయండి, రెండు ఊళ్ల ఖర్చు ఒకటే అవుతుంది.