క్యోటో నుంచి ఇనే, కినొసాకి ట్రిప్: కారా, ట్రైనా?

ప్రశ్న: నవంబర్లో జపాన్ వెళ్తున్నాం, క్యోటో అయ్యాక అటు ఉత్తరాన సముద్రం వైపు ఓ నాలుగు రోజులు అనుకుంటున్నాం, అమనోహషిదాతే, జాలరిపల్లె ఇనే, వేడినీటి బుగ్గల ఊరు కినొసాకి. అమ్మానాన్న కూడా వస్తున్నారు, ఎక్కువ నడవలేరు. కారు తీసుకోవాలా? జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ చెల్లుతుందా?

జవాబు: కారు లేకపోయినా నడుస్తుందండీ. క్యోటో నుంచి అమనోహషిదాతేకి హషిదాతే ఎక్స్‌ప్రెస్ రైలు డైరెక్టుగా ఉంది, రెండు గంటల పైచిలుకు. కానీ మామూలు జేఆర్ పాస్ ఫుకుచియామా దాటాక పనిచేయదు, అక్కణ్ణుంచి లైను క్యోటో టాంగో రైల్వేది, కాన్సాయ్ వైడ్ ఏరియా పాస్ తీసుకుంటే రెండూ కవరవుతాయి. అమనోహషిదాతే అంటే నీళ్ల మధ్య పైన్ చెట్ల ఇసుకదిబ్బ, 3.6 కిలోమీటర్లు, పెద్దవాళ్లని నడిపించకండి బాబూ, పడవలో అవతలికెళ్లి కేబుల్ కారెక్కి కసామత్సు పార్కు నుంచి చూపించండి. అక్కడ అందరూ వంగి కాళ్ల సందులోంచి చూస్తుంటారు, దిబ్బ ఆకాశంలోకి లేచినట్టుంటుందని.

ఇంకొకరు: ఇనేలో ఒక రాత్రి ఉండాల్సిందే. 230 దాకా ఫునాయాలనే ఇళ్లు, కింద పడవ పెట్టుకునే చోటు, పైన గది, నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. అమనోహషిదాతే నుంచి బస్సు గంట, సాయంత్రం త్వరగా ఆగిపోతాయి, టైమింగ్స్ ముందే చూస్కోండి.

మరొకరు: నవంబర్ మొదట్లో పీతల సీజన్ మొదలవుతుంది, కినొసాకిలో రేట్లు పెరుగుతాయి, రూమ్ ఇప్పుడే బుక్ చేస్కోండి. వెజ్ అయితే ముందే చెప్పండి, సూపులో కూడా చేప రసం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: నాన్న వెజ్జే, మెయిల్ పెడతా. థాంక్సండీ.